పాటకు ఏ ప్లస్

మా మనవరాలు నాలుగో తరగతి. హైదరాబాదులో, గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టే బడి. మొన్న ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. లెక్కలూ సైన్సూ వాళ్ళ అమ్మానాన్నలు చూసుకుంటారు కదా అని నేను కింది వరసలు చూశాను. సంగీతం, ఏ ప్లస్. చిత్రలేఖనం, ఏ ప్లస్. ముచ్చటేసింది. "ఏదీ, ఒక పాట పాడు తల్లీ" అన్నాను.

"పాట రాదు తాతయ్యా. మ్యూజిక్ క్లాసులో వీడియో పెడతారు, మేం చూస్తాం" అంది.

"మరి బొమ్మలో?"

"బొమ్మ ప్రింటు చేసి ఇస్తారు. లోపల రంగులేస్తాం. గీత దాటితే స్టార్ తగ్గిస్తారు."

గీత గీసేది వాళ్ళు, దాటకుండా ఉండేది వీళ్ళు, ఏ ప్లస్ మాత్రం చిత్రలేఖనానికి! అదేమిటని పైకే అడిగాను. "మీ రోజులు వేరు మామయ్యా" అంది కోడలు లోపల్నుంచి. వేరే మరి. ఎంత వేరో చెప్పకుండా ఊరుకుంటే నాకు అన్నం సయించదు.

నేను కృష్ణా జిల్లా పల్లెలో చదువుకుని, ఆ చుట్టుపక్కలే ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో మా బడికి సంగీతం పీరియడూ లేదు, డ్రాయింగు పీరియడూ లేదు. అసలు గంట కొట్టడానికి గడియారమే లేదు. కానీ పొద్దున్న బడి తెరిచింది మొదలు సాయంత్రం దాకా పాటే. గుణింతాలు పాటే. ఎక్కాలు పాటే. ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లూ పాటే. ఒకడు ఎత్తుకుంటే తక్కినవాళ్ళం అందుకునేవాళ్ళం. శ్రుతి తప్పినవాడికి మాస్టారి చూపు, తాళం తప్పినవాడికి బెత్తం. దెబ్బలు కూడా తాళంలోనే పడేవి, అదొక సౌకర్యం.

ఇక పద్యం సంగతి. పద్యాన్ని చదవడమనే మాట మా మాస్టారి దగ్గర చెల్లేది కాదు. పద్యం పాడాల్సిందే. వేమన ఆటవెలది ఒక నడక, సుమతీ శతకం కందం ఇంకో నడక. గణాలేమిటో, యతి ఎక్కడో మూడో తరగతివాడికి ఎవరు చెబుతారు? ఎక్కడ ఆగాలో గొంతుకే తెలిసిపోయేది. పోతన గజేంద్ర మోక్షం దగ్గరికొచ్చేసరికి మా మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి మోహనలో ఎత్తుకునేవారు. అది మోహన అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా మొసలి పట్టు బిగిసిన కొద్దీ ఆయన గొంతు పైకి వెళుతుందని. ఆయన సంగీతం నేర్చుకున్నవారేమీ కాదు. ఊళ్ళో నాటకాలు ఆడేవారు, రాత్రి వేదిక మీద పాడిందే పగలు బడిలో పాడేవారు.

ఇప్పుడు తెలుగు పద్యం కూడా ఫోన్లో వింటారట. వినడం నేరం కాదు. కానీ నోరు తెరవని పిల్లకు పద్యం ఎలా పడుతుంది? భావం రాసుకొచ్చి, ప్రతిపదార్థం బట్టీపట్టి పదికి పది తెచ్చుకుంటున్నారు. పాడమంటే మాత్రం న్యూస్ చదివినట్టు చదువుతున్నారు.

దసరా వచ్చిందంటే మా బడి వీధిన పడేది. ఇప్పటి పిల్లలకు ఇది కట్టుకథలా ఉంటుంది. రంగుకాగితాలంటించిన వెదురు గిలకలు మా చేతుల్లో. వాటిలో పూలూ బుక్కాయీ నింపి, మీట నొక్కితే ఎదుటివాళ్ళ మీద చిమ్మేవి. వాటి రంగుకాగితాలు మేమే కత్తిరించేవాళ్ళం, జిగురు ఇంట్లో ఉడికించిన మైదాపిండి. పంతులుగారు ముందు, మేం వెనక. ఇంటింటి గుమ్మం దగ్గరా నిలబడి దసరా పద్యాలు పాడేవాళ్ళం. మాస్టారికి కట్నం, మాకు పప్పుబెల్లాలు. ఇవ్వనివాడి గుమ్మం దగ్గర ఇంకో రెండు పద్యాలు ఎక్కువ పాడేవాళ్ళం, ఇచ్చేదాకా. అంతమంది ఎదుట గొంతు విప్పడం, పక్కవాడి శ్రుతిలో కలవడం, నడుస్తూ తాళం తప్పకపోవడం, పది ఊళ్ళ పెద్దల ఎదుట జంకకపోవడం — ఏ సిలబస్‌లో రాస్తారు ఇవన్నీ? మాస్టారికి జీతం చాలక పుట్టిన ఆచారమని నాకూ తెలుసు. ఆ పేదరికం పోయినందుకు సంతోషమే. దాంతోపాటు పాట కూడా పోవాలని ఎవరు చెప్పారు?

బొమ్మల సంగతి. కాగితం ఖరీదైన వస్తువు. పలకే కాన్వాసు. పలకకు దొండాకు పసరూ బొగ్గుపొడీ రుద్ది నల్లగా మెరిపించడం ముందు పని, దాని మీద బలపంతో గీయడం తర్వాతి పని. బొమ్మ బాగా వచ్చినా ఉమ్మి తుడిచేయాల్సిందే, లెక్క చేయాలి కదా. మళ్ళీ గీయడం, మళ్ళీ తుడవడం. చెయ్యి తిరిగింది అక్కడే. రంగు కావాలంటే బచ్చలి పండ్లు పిండితే ఊదా. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. అది ఎర్రబడటం మొదటిసారి చూసిన పిల్లవాడి మొహం చూడాలి! రసాయనశాస్త్రం పాఠం కూడా అదే. ఆడపిల్లలు నేల మీద చుక్కలు పెట్టి ముగ్గులేస్తుంటే పక్కన కూచుని చుక్కలు లెక్కపెట్టుకునేవాళ్ళం. బేసి చుక్కలకీ సరి చుక్కలకీ తేడా నాకు ముగ్గులోనే అర్థమైంది. అంత చెయ్యి తిరిగిన ఆడపిల్లల్ని ఐదో తరగతి కాగానే బడి మాన్పించేవాళ్ళు, అది వేరే కోపం.

వినాయక చవితికి చెరువులో బంకమన్ను తెచ్చి విగ్రహం ఎవరికి వాళ్ళే చేసేవాళ్ళం. మా తరగతిలో వినాయకులందరికీ పొట్ట ఒక్కటే కుదిరేది. తొండం ఎండి రాలిపోయేది. ఇప్పుడు 'మట్టి వినాయకుడి ప్రాజెక్టు' అని బడి చీటీ పంపుతుంది, తండ్రి స్కూటరు మీద వెళ్ళి కొనుక్కొస్తాడు, పిల్ల పట్టుకెళ్ళి మార్కు తెచ్చుకుంటుంది. చార్టులూ అంతే. బడి ముందున్న స్టేషనరీ షాపులో ఏ పాఠానికి ఆ చార్టు రెడీగా దొరుకుతోంది.

నెలనెలా 'చందమామ' వచ్చేది ఊళ్ళో ఏ ఇంటికో. 1947 జూలైలో మొదలైన పత్రిక. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం చూసి పలక మీద దించడానికి మేం పడిన పాట్లు దేవుడికెరుక. పంచాయతీ ఆఫీసు రేడియోలో బాలానందం. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు 1940లో బాలానంద సంఘం పెట్టి పిల్లల చేత పాడించారు, ఆడించారు. విజయవాడ కేంద్రం నుంచి వోలేటి వెంకటేశ్వర్లు గారు రేడియోలో సంగీతం నేర్పేవారు. ఎదురుగా గురువు ఉన్నట్టే జనం కూడా పాడేవాళ్ళు. యంత్రం మీద నాకు కోపం లేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఆ యంత్రం పాడమనేది. ఇప్పటి యంత్రం కూచుని చూడమంటోంది.

రేడియో రాకముందే, 1919లో, మన నేల మీద పాట విషయంలో రెండు సంగతులు జరిగాయి. విజయనగరంలో మహారాజు సంగీత పాఠశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు, వయొలిన్ నేర్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆస్థానంలో ఒక చూపులేని కుర్రవాడికి పాట మీదున్న మక్కువ చూసి రాజుకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. అదే ఏడాది రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్ళున్నారు. ఆయన 'జనగణమన' పాడి వినిపిస్తే, అక్కడి మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాశారు. ఇవాళ దేశమంతా పాడే పాట అలా మన మదనపల్లెలో స్వరాలకెక్కింది.

మరి ఆ పాట మన బళ్ళలో ఎలా ఉంది? పొద్దున్న అసెంబ్లీకి వెళ్ళి వినండి. స్పీకర్లో రికార్డు నడుస్తుంది. 52 సెకన్లు. పిల్లలు నిటారుగా నిలబడతారు, పెదాలు కదుపుతారు, కొందరు అదీ చేయరు. మా మనవరాలి బళ్ళో వార్షికోత్సవం కూడా చూశాను. అద్దె బట్టలు, బయటి నుంచి వచ్చిన డాన్స్ మాస్టరు, సినిమా పాట, పొగ. పాట ఎవరో పాడింది, పిల్లలు కేవలం ఊగారు. తల్లిదండ్రులందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, వెనకవాడికి వేదిక కనపడదు. రెండు నెలలు చదువు మానుకుని చేసిన 'ఐటెం' అది. పక్కన తబలా కొట్టేవాడు గానీ, పాడే పిల్ల గానీ ఒక్కరు లేరు.

ప్రభుత్వ బళ్ళలో పొగ లేదు, పాట నేర్పే టీచరూ లేడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని షెడ్యూలు తీసి చూడండి. ఐదో తరగతి దాకా 60 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, అలా లెక్క. కళలు నేర్పేవాడి ఊసు లేదు. 6 నుంచి 8 తరగతులకు మాత్రం, అదీ పిల్లలు 100 దాటితే, కళలకు ఒక పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు. గొంతు లేతగా ఉన్నప్పుడు ఎవరూ ఉండరు, మగపిల్లల గొంతు మారే వేళకు పార్ట్‌టైమ్ మనిషి వస్తాడు! 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి అంది. మన రాష్ట్రాల మార్కుల రిజిస్టర్లలో 'కళలు, సాంస్కృతిక విద్య' అని ఒక గడి వచ్చింది. ఆ గడి నింపే మాస్టారు లెక్కలు చెప్పే మాస్టారే. ఆయన ఏం చేస్తాడు పాపం, అందరికీ ఏ ప్లస్ వేస్తాడు. నేనూ అవే రిజిస్టర్లు నింపినవాణ్ణే, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాన్సురి' అని కళల పాఠ్యపుస్తకం తెచ్చింది. పుస్తకం వచ్చినందుకు సంతోషం. అయితే పుస్తకం పాడదు, పాడేవాడు కావాలి.

మా కాలంలో హైస్కూలుకో డ్రాయింగు మాస్టారుండేవారు. డ్రాయింగులో లోయరూ హయ్యరూ పరీక్షలు పాసై, గోడ మీద భారతదేశం పటం చూడకుండా ఒక్క గీతలో గీసేవారు. ఆయన పదవీ విరమణ చేశాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయిన బళ్ళు నేనే ఎన్నో చూశాను. బొమ్మ గీయని పిల్లలు సైన్సు నోటుపుస్తకంలో గుండె బొమ్మ వేయమంటే తెల్లమొహం వేస్తున్నారని మళ్ళీ టీచర్లే వాపోతారు.

2020 జాతీయ విద్యావిధానం ఒక తెలివైన మాట అంది. ప్రతి చిన్న బడికీ సంగీతం టీచర్ని వేయలేకపోతే స్కూల్ కాంప్లెక్సులోని బళ్ళన్నీ కలిసి ఒకరిని పంచుకోవచ్చని. ఇందులో కష్టమేముంది? కాంప్లెక్సుకు ఒక సంగీతం టీచరు, ఒక డ్రాయింగు టీచరు. వారానికో బడి, వాళ్ళకు బస్సు పాసు. విజయనగరం, విజయవాడ, హైదరాబాదు సంగీత కళాశాలల్లో డిప్లొమాలు చేసి ఖాళీగా ఉన్న పిల్లలు మనకు లేకపోలేదు. వాళ్ళకు పని దొరుకుతుంది, వీళ్ళకు పాట దొరుకుతుంది. సర్కారువారూ, టీచర్లను తీసుకునే మీ డీఎస్సీ నోటిఫికేషన్లలో ఈ రెండు పోస్టులు చేర్చండి మహాప్రభో, అంతకంటే నేనేం అడగను.

అది జరిగేదాకా, నాలాంటి ఎలిమెంటరీ మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక్క మాట. మీ గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, మా మాస్టారిదీ గొప్ప గొంతేమీ కాదు. రేపు పొద్దున్న అసెంబ్లీలో స్పీకరు ఆపేయండి. జాతీయగీతం మీరే ఎత్తుకోండి, పిల్లలు అందుకుంటారు.