అణాకు ఆరు పైసలు

ఈమధ్య ఏ కుర్రాణ్ని కదిపినా వ్యాపార వ్యూహమంటాడు, కస్టమర్ వాల్యూ అంటాడు. కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్చుకోవడానికి లక్షలు పోసి చదువుతాడు. తీరా మీ కంపెనీ ఏం అమ్ముతుందిరా నాయనా అంటే, అరగంట చెప్పినా ముక్క అర్థం కాదు. మా రోజుల్లో కొట్టు ముందు నిలబడితే చాలు, ఏం అమ్ముతున్నారో, ఎంతకిస్తారో, అరువు పుడుతుందో లేదో అన్నీ తెలిసిపోయేవి.

1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చినప్పుడు మా ఊరి కిరాణా కొట్టు చూడాల్సింది. రూపాయికి 16 అణాలు పోయి 100 పైసలయ్యాయి. నాలుగణాలంటే 25 పైసలు, ఎనిమిదణాలంటే 50, అంతవరకు చిక్కు లేదు. అణాకే వచ్చింది తంటా. లెక్క ప్రకారం ఆరుంబావు రావాలి, పావు పైసా ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని సర్కారు ఖాయం చేసింది. మా శెట్టిగారు ఆ లెక్కంతా తలుపుచెక్క మీద సుద్దముక్కతో బొద్దుగా రాసిపెట్టారు. చదువురాని వాళ్లొస్తే పాత అణాలూ కొత్త పైసలూ గల్లాపెట్టె మీద పక్కపక్కన పేర్చి, ఇదిగో అమ్మా, ఇది ఇంతకు సరి అని ఓపిగ్గా చూపించేవారు. మూడణాల సరుకు కొన్నవాళ్లకు పావు పైసా నష్టమని ఆయనకు తెలుసు. అందుకు చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. తూకం అయ్యాక వేసే కొసరు ఇది కాక వేరే! ఆ బెల్లం కోసం మేం పిల్లలం పోట్లాడుకుని మరీ మూడణాల బేరానికి పరిగెత్తేవాళ్లం. మీరు పుస్తకాల్లో చదువుకునే కస్టమర్ వాల్యూ నేను నోట్లో వేసుకుని చప్పరించాను.

చిన్న కొట్టు కాబట్టి సాగిందంటారేమో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది చిన్న కొట్టా? 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, కొత్తలో సంగీత సభలకు వెళ్లి ఊరికే పంచిపెట్టారని చెబుతారు. రాసుకుంటే తలనొప్పి తగ్గుతుంది, తగ్గితే వాళ్లే వచ్చి కొంటారు. ఇంతకంటే సూటిగా చెప్పిన ప్రకటన ఏముంటుంది? ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, తెలుగువాళ్లకు చదువుకోవడానికి పత్రిక దొరికింది. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అయితే 1969లో ఉద్యోగం చేసుకుంటూనే బట్టలుతికే పొడి తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి నిర్మా అమ్మాడు. పెద్ద కంపెనీ పొడి ధరలో మూడో వంతు కూడా లేదు. గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి ధర చెప్పాడు, ఆవిడ మురికి వదిలిందో లేదో వచ్చే వారం మొహం మీదే చెప్పింది. మధ్యలో సర్వేలు లేవు, సమావేశాలు లేవు.

ఇప్పుడో? ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు ఏళ్ల తరబడి ఐదు రూపాయలే. లోపల మాత్రం బిస్కెట్లు ఒక్కొక్కటే జారుకుంటున్నాయి. బియ్యంలో రాళ్లు కలిపే వర్తకులు మా రోజుల్లోనూ ఉన్నారు, కాదనను, దొంగ తూనికరాళ్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లని దొంగలనేవాళ్లం. ఇప్పుడదే పనికి వ్యూహమని పేరు పెట్టి జీతాలిస్తున్నారు! ఫోనులో కూరగాయలు తెప్పిస్తే చివర్న ప్లాట్‌ఫాం ఫీజంటారు, హ్యాండ్లింగ్ ఫీజంటారు. వంకాయల్ని చేత్తో ముట్టుకున్నందుకు కూడా డబ్బులా? ఎవర్నైనా అడుగుదామంటే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు తప్ప మనిషి పలకడు. శెట్టిగారితో అరగంట తగువాడి, మజ్జిగ తాగి వచ్చేవాళ్లం.

అర్ధరాత్రి మందులు తెచ్చిచ్చే కుర్రాళ్లని నేను దీవిస్తాను, ఆ మాట కూడా చెప్పాలి. మా ఇంట్లో ఆవిడకు ఆయాసం వచ్చిన రాత్రి ఆ సదుపాయమే అక్కరకొచ్చింది. ఇంకో మంచి కూడా జరిగింది. గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద అచ్చువేయాలని నిబంధన తెచ్చారు. శెట్టిగారి తలుపుచెక్క లెక్క లాంటిదే అది. అయితే దాన్ని ఎక్కడ వేస్తున్నారో చూశారా? ప్యాకెట్టు అతుకు దగ్గర, తారీఖుల కింద, చీమకాళ్లంత అక్షరాల్లో. భూతద్దం పెట్టినా ఆరో తొమ్మిదో తేలదు. ముందువైపు మాత్రం బొమ్మా, మెరుపులూ, ఇరవై శాతం అదనమన్న కేకా!

మీలో అలాంటి కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామందే ఉంటారు. వచ్చే సోమవారం మీటింగులో లేచి, ఆ గ్రాము ధర ముందువైపుకి తెచ్చి, ధరంత పెద్దగా వేయిద్దామని అడగండి. ఎందుకు కుదరదన్నారో నాకు కార్డు ముక్క రాయండి, తెలుగులో, నాలుగు వాక్యాల్లో.