దడ మళ్లీ వచ్చిందా? కాస్త ఆగు నాయనా

మా రోజుల్లో గుండె దడ అంటూ ఎవరైనా వస్తే ముందు మణికట్టు పట్టుకునేవాళ్లం. నిండా ఒక నిమిషం. నేను స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు లెక్కపెడుతుంటే, సిస్టరమ్మ అదే నిమిషం చేతి నాడి లెక్కపెట్టేది. గుండె దగ్గర 120, చేతి దగ్గర 90 వచ్చి, అదీ తాళం తప్పి కొట్టుకుంటుంటే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులైన కర్ణికలు గతి తప్పి వణకడం అని ఇసిజి తీయకముందే సగం తేలిపోయేది. ఇప్పుడు మీకు చేతి గడియారం చెప్పాలి. అది అర్ధరాత్రి మోగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చోవాలి.

ఈ దడ పోవాలని గుండెలో కాస్త చోటు కాల్చే అబ్లేషన్ అయిన పదో రోజే దడ మళ్లీ వచ్చిందని, డబ్బంతా గంగపాలైందని గోల! ఒరే నాయనా, ఎడమ కర్ణికలో కలిసే ఊపిరితిత్తుల సిరల్లోనే ఈ అల్లరి ఎక్కువగా పుడుతుందని 1998లో బోర్డోలో హైసగేర్ బృందం చూపించింది. తొడ దగ్గరి సిరలోంచి తీగ పంపి ఆ సిరలు కలిసేచోటు చుట్టూ కాలుస్తారు. కాల్చినచోట వాపు ఉండదా? పుండు మానొద్దా? తొలి వారాల్లో వచ్చే దడను చూసి పని చెడిందని తీర్మానించకూడదు. ఇదివరకు మూడు నెలలు ఆగమనేవాళ్లు. 2024లో నిపుణులు దాన్ని 8 వారాలు చేశారు. దీనికీ తొందరేనా అని విసుక్కున్నాను గానీ, మూడో నెలలో వచ్చే దడ తర్వాత కూడా వెంటాడుతోందని తేలాకే కుదించారు, ఒప్పుకోవాలి.

ఆగమంటే మూల కూర్చోమని కాదు. దడ తగ్గకపోతే మందులున్నాయి, మత్తిచ్చి షాక్‌తో లయ సరిచేయడం ఉంది. కళ్లు తిరిగి పడినా, ఆయాసం వచ్చినా, కొన్ని వారాల తర్వాతైనా సరే జ్వరంతో మింగుడు కష్టమైనా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లి, అబ్లేషన్ అయిందని మొదటే చెప్పాలి.

ఆ 8 వారాల గడువు దాటాకా దడ వస్తుంటే, చాలాసార్లు కాల్చిన గీతలో ఎక్కడో సందు మిగిలి ఉంటుంది. కంచెలో కంత దొరికిన మేకలా కరెంటు అందులోంచి దూరిపోతుంది. అప్పుడు రెండోసారి చేయించుకోవడం తప్పేం కాదు. కానీ ఆ పొట్ట, ఆ బీపీ, గోడలదిరే గురక, వారాంతపు మందు అలాగే ఉంచుకుని ఎన్నిసార్లు కాలిస్తే ఏం లాభం? పదో వంతు బరువు తగ్గినవాళ్లలో లయ ఎంతో బాగా నిలిచిందని అడిలైడ్ డాక్టర్లు 2015లోనే చూపించారు. మేం ఆ మాట ఉచితంగా చెబితే వినేవాళ్లు కాదు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇంకొకటి. దడ పోయింది కదా అని రక్తం పలచబరిచే మాత్ర సొంతంగా మానేస్తారు! అబ్లేషన్ తర్వాత కనీసం రెండు నెలలు అందరూ వేసుకోవాల్సిందే. ఆపైన వయసు, బీపీ, షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి డాక్టరు తేలుస్తాడు. లయ కుదిరిందన్న ఒక్క కారణంతో ఆపరు. మా రోజుల్లో గుండె కవాటం ఇరుకైపోయిన పాతికేళ్ల ఆడపిల్లలను, గుండెలో గడ్డ మెదడుకెక్కి ఒక పక్క పడిపోయాక, మంచం మీద మోసుకొచ్చేవాళ్లు. డిజాక్సిన్ తప్ప మా చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు, రక్తం పలచబరిచే మాత్ర ఇద్దామన్నా దానికి కావాల్సిన రక్తపరీక్షకు పట్నం పంపాలి. ఇవాళ మందు వీధి చివర షాపులో దొరుకుతుంటే వేసుకోవడానికి బద్ధకమేమిట్రా మీకు!