దంతసేతువు

నోటిలోని ముప్పదిరెండింటిలో ఒక్కటి పోయినంతమాత్రమున లోకము తలక్రిందులు కాదని నమ్మి, దవడలో ఏర్పడిన ఖాళీని అట్లే పాడుపెట్టియుంచినవారికి దంతవైద్యులు చెప్పు కథ మిక్కిలి భయంకరముగ నుండును. ఇరుప్రక్కల దంతములును ఆ జాగామీద కన్నువేసి మెల్లమెల్లగా అటు ఒఱగునట. పైదవడలో దానికెదురుగా నున్నది, తన్ను అడ్డగించువాడు లేడు గదా యని క్రిందికి దిగజారునట. లోపలి యెముక పనిలేక క్షీణించునట. మా జిల్లాలో పొలముగట్ల తగవులు చూచినవాడెవ్వడును ఇందులో ఒక్క అక్షరమును సందేహింపడు. ఈ ఆక్రమణను అరికట్టు ఉపాయములలో ఒకటి బ్రిడ్జి.

తిరుపతిలో వైద్యుడు నాకీ సంగతి బోధించుచుండగా, పుత్తూరునుండి వచ్చి మా యింట దిగియున్న పెద్దమ్మ తోడుగా కూర్చుండి వినుచుండెను.

“బ్రిడ్జా? ఊర్లో శ్రీనివాస సేతు కట్టినారే, అట్లాంటిదా నాయనా? నోట్లో ఎట్లా కడతారు?” అని ఆశ్చర్యపడి, అంతలోనే, “ఎముక ఇరిగితే మా పుత్తూరులో కట్టు కడతారు గదా, పన్నుకు కట్టరా?” అని నిలదీసెను.

ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనయు పట్టించి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో బిగించు పుత్తూరుకట్టు కీర్తి రాష్ట్రపు ఎల్లలు దాటినమాట నిజమే గాని, విఱిగిన యెముక అతుకుకొనునట్లు ఊడిన పన్ను మఱల మొలవదు. ఇక సేతువు మాట. 2023లో పూర్తియైన శ్రీనివాససేతువునకు తన స్తంభములు తనకు గలవు. దంతసేతువునకు స్తంభములు ఇరుగుపొరుగువారివి. ఏ పాపమెఱుగని రెండు దంతములను చుట్టును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అరగదీసి, వానికి టోపీలు తొడిగి, ఆ టోపీల నడుమ గతించినవాని ప్రతిమను నిలుపుదురు. పోయినవాడు సుఖముగనే పోయెను. చెక్కుడు మాత్రము బ్రదికియున్నవారికి.

ఇది నేటి వింత కాదు. ఇటలీదేశమున ఎట్రుస్కనులు సుమారు 2,700 ఏండ్లనాడే బంగారుపట్టీతో కట్టుడుపన్నును ప్రక్కపండ్లకు బిగించుకొనిరి. మనవారి యేర్పాటులో బంగారపు ఖర్చు కూడ లేదు. దక్షయజ్ఞమున శివగణములచే పండ్లు రాలగొట్టించుకొన్న పూషునికి భాగవతమున దొరకిన పరిహారమేమనగా, అతడు యజమానుని పండ్లతో నమలవలెను, పిండి తినవలెను. ఒరుల పండ్లమీద ఆధారపడి భుజించుట! బ్రిడ్జి సిద్ధాంతమంతయు ఇందే యున్నది. అశ్వినీదేవతలు పూషుని పండ్లను బాగుచేసిరని చరకసంహిత చెప్పుచున్నది గాని, జిర్కోనియాతో చేసిరో సిరామిక్కుతో చేసిరో వివరింపలేదు. ఆ పిండి రాగిపిండియే యైనచో, పూషుడు మా చిత్తూరు సీమలో వైద్యుని గడప త్రొక్కకయే కాలము వెళ్లబుచ్చియుండును. సంగటిని నమలువానిని మావారు మనిషిగా లెక్కింపరు; ముద్ద చేసి, నాటుకోడి పులుసులో ముంచి, మ్రింగవలెను. చిక్కంతయు నిప్పట్లతోను మనుగుబూలతోను చెఱకుతోను వచ్చుచున్నది.

అచ్చు తీయుట యొక ఘట్టము. రేకుతట్టలో గులాబిరంగు ముద్ద నింపి నోట క్రుక్కి, “ముక్కుతో గాలి పీల్చండి సార్” అని సెలవిచ్చి, అదే సమయమున వైద్యుడు నా ఉద్యోగమును గూర్చి కుశలప్రశ్నలు ప్రారంభించెను. పిదప ఏ-1 మొదలు డి-4 వఱకు 16 ఛాయలుగల నమూనాపండ్ల వరుసను మా ఆవిడ చేతికిచ్చిరి. ఆమె క్షణమైన ఆలోచింపక అన్నిటికంటె తెల్లనిదానిని ఎంచెను. వైద్యుడు దశాబ్దముల కాఫీ డికాక్షనులో ఊరిన నా తక్కిన పండ్లను ఒకపరి పరికించి, “పక్కవాటితో కలవాల గదమ్మా” అని వినయముగ మనవిచేసికొని, వరుసలో బహుదూరము ప్రయాణము చేసి, ఒక గోధుమవన్నె పంటికడ ఆగెను. నా అలవాట్ల చరిత్ర యావత్తు ఆ ప్రయాణములోనే బయటపడినది.

బిగించునాడు నీలికాగితము కొఱికించి, మచ్చ గాఢముగ పడినచోట గీకి, మఱల కొఱికించి, తుదకు సిమెంటుపెట్టి అదిమిరి. క్రింద దారము దూర్చి నిత్యము శుభ్రపఱచుకొమ్మనియు, నిప్పట్లజోలికి పోవలదనియు ఆజ్ఞ యైనది.

ఇంటికి రాగానే పెద్దమ్మ నన్ను వసారాలో వెలుతురునకు తిప్పి, నోరు తెఱపించి, కన్నులు చికిలించి చాలసేపు పరీక్షించి, ఒకదానిపై వ్రేలు పెట్టి, “ఇదేనా కట్టిచ్చింది? బాగలేదు నాయనా. వంకరగా పెట్టినారు, రంగు కూడా అతకలేదు. పోయి దుడ్లు ఎనిక్కి ఇమ్మను” అనెను.

ఆమె వ్రేలు పెట్టినది నా సొంతపన్ను.