చౌడు మిద్దెకు ముక్కోణం గుర్తు

ఇప్పుడు నంద్యాలలో ఎవరింటికి పోవాలన్నా "లొకేషన్ పెట్టన్నా" అంటారు. పెడితే నీలం గీత పట్టుకొని వస్తారు. వచ్చి వెనక సందులో బండి ఆపి, మళ్లీ ఫోన్ చేసి, "యాడుందన్నా మీ ఇల్లు?" అని అడుగుతారు. మా రోజుల్లో ఆ కడపటి ప్రశ్నే మొదట అడిగేవాళ్లం. సంజీవనగర్ గేటు కాడ టీ అంగడాయన్ను అడిగితే దారి చెప్పేవాడు. ఆ ఇంటాయన ఊళ్లో ఉన్నాడో, పెండ్లికి పోయినాడో కూడా చెప్పేవాడు. రెండో సంగతి ఏ ఫోను చెబుతుంది?

నా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కాలేజీలో నంద్యాల మీద ప్రాజెక్టు చేసినారంట. ల్యాప్‌టాప్ తెరిచి చూపించినాడు. నూనెపల్లె ఒక రంగు, పద్మావతి నగర్ ఒక రంగు, ఊరంతా ఎరుపూ పసుపూ పచ్చా.

"ఎరుపంటే ఏందిరా?"

"జనం ఎక్కువ, జేజినాయనా."

"ఎవరు లెక్కపెట్టినారు?"

"డేటా ఉంది."

"అదే, ఆ డేటాను ఎవరు లెక్కపెట్టినారు?"

వాడు నవ్వి మూసేసినాడు. నేను తమాషాకు అడగలేదు. లెక్కపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆళ్లగడ్డలో అయ్యవారి ఉద్యోగం చేస్తుండగా 1981 జనాభా లెక్కలు వచ్చినాయి. మనుషుల లెక్క కంటే ముందు ఇండ్ల లెక్క. తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు, అంతే సరంజామా. మాకు ఇచ్చిన బ్లాకు ఎల్ల చుట్టూ ముందు నడిచి రావాలి. దారులు, గుడి, మసీదు, బావి, పెద్ద వేపమాను గీసుకోవాలి. ఆ తర్వాత ఒక్కో కట్టడానికి నెంబరు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి ముక్కోణం. కాపురం లేని అంగడీ కొట్టూ అయితే లోపల అడ్డగీతలు. ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి పోయినామో బాణం గుర్తులు. గోడ మీద నెంబరు ఎర్రమట్టితో రాస్తే పిల్లలు సాయంత్రానికి చెరిపేసేవాళ్లు.

పేచీ వచ్చింది ముక్కోణం కాడ. గోడా కప్పూ రెండూ గట్టి సరుకుతో ఉంటేనే పక్కా అని మాకిచ్చిన పుస్తకం. మా సీమలో పాత మిద్దెలు ఎట్లుంటాయో చూసినవాళ్లకు తెలుసు. మూరెడు మందం రాతిగోడ, టేకు దూలాలు, వాటి మీద దంతెలు, అన్నిటి మీదా చౌడు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు ఎత్తి పరిచి తొక్కించాల. చౌడు మట్టే కదా. మట్టి కప్పు కచ్చా. కాబట్టి ముక్కోణం. పదంకణాల మిద్దె ఉన్న పెద్దరైతు నా కాగితం లాక్కొని చూసి, "ఏంది అయ్యవారూ, మా నాయన కట్టించిన మిద్దెకు కొట్టం గుర్తు ఏస్తివే!" అన్నాడు. పక్క కాలనీలో ఆయన జీతగానికి సర్కారు కట్టించిన ఒంటిగది స్లాబు ఇంటికి మాత్రం చతురస్రం. ఆయనకు ఇంకా మండింది. "వాడు పక్కా, నేను కచ్చానా?" పొద్దు మునిగే సరికి వీధి వీధంతా వచ్చి ఆ కాగితం చూసిపోయింది. కొందరు నవ్వినారు, కొందరు కొట్లాడినారు. ఒకామె మాత్రం, తాళం వేసిన మూల ఇల్లు ఖాళీది కాదని, బేల్దారి పనికి హైదరాబాదు పోయినారని, సంక్రాంతికి వస్తారని చెప్పి దిద్దించింది.

నా గొడవంతా ఇదే. ఆ పటాన్ని గీసినవాణ్ని వాకిట్లో నిలబెట్టి తిట్టొచ్చు, దిద్దించొచ్చు. మనవడి పటంలో ఎరుపు రంగును ఎవరు తిట్టాల?

ఇదేదో మన పల్లెటూరి చాదస్తం అనుకోవద్దు. లండన్లో చార్లెస్ బూత్ అని ఒక ఓడల యజమాని 1889లో పేదరికం పటం వేయించినాడు. నిరుపేద వీధికి నలుపు, శ్రీమంతుల వీధికి బంగారు పసుపు, నడుమ నీలాలు, ఊదా, గులాబీ, ఎరుపు. చూడడానికి ఇప్పటి వాటికంటే అందంగా ఉంటుంది. ఆ రంగుల వెనక, పిల్లలు బడికి వస్తున్నారా లేదా అని ఇల్లిల్లూ తిరిగే స్కూలు బోర్డు మనుషులు ఉన్నారు. ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుందో వాళ్లకు తెలుసు. తర్వాత బూత్ మనుషులు పోలీసుల వెంట వీధి వీధీ నడిచి దిద్దుకున్నారు.

పాతదంతా బంగారమని నేననను. పొలం పటం కరణం పెట్టెలో ఉండేది. చిన్నరైతు తన చెక్క హద్దు తాను చూసుకోవాలంటే ఆయన గడప కాడ పొద్దుపొడుపు నుంచి కూర్చోవాల. 1984లో ఎన్టీఆర్ కరణీకాలు రద్దు చేసినప్పుడు ఏడ్చినవాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు 'మీ భూమి'లో అడంగల్ చూసుకుంటున్నారు, మంచిదే. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి, మహానంది గుడిలోకే నీళ్లు వచ్చినప్పుడు, అటువంటి ముంపును మబ్బుల పైనుంచి రాడార్‌తో చూసి పటం గీసే ఉపగ్రహాలు మనకున్నాయంటే దండం పెట్టాల. మా కాలంలో చామకాల్వ గట్టున ఉండే ముసలాయన చెప్పిందే వరద హెచ్చరిక.

కానీ ఈ కాలపు అసలు సిసలు పటం ఉపగ్రహానిది కాదు, వెంచర్ల వాళ్ల కరపత్రం. 2022 ఏప్రిల్ 4న 29 మండలాలతో నంద్యాల జిల్లా అయినప్పటినుంచి బైపాస్ పొడుగునా అవే. ఆర్టుపేపరు మీద పచ్చ రంగు. మన నలభై నెంబరు హైవే కుంచించుకుపోయి, ఆళ్లగడ్డ నంద్యాలకు వీధి చివర ఉన్నట్టు కనిపిస్తుంది. 'కలెక్టరేటుకు 10 నిమిషాలు' అంటారు, ఎవరి కాళ్లతోనో చెప్పరు. రెవెన్యూ పటంలో వాగు పోరంబోకని ఉండే చోటు ఇందులో సన్నటి నీలం గీత, దాని పక్కన కొబ్బరి చెట్టు బొమ్మ. కింద మూలలో, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో, 'కొలత ప్రకారం గీసినది కాదు' అని. ఆ ఒక్కటే నిజం.

కొలత లేకుండా గీసినా మోసం చేయని పటాలూ ఉండేవి. మహానందిలో అమ్మే నవనందుల బొమ్మ ఉంది కదా. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే. శివ నంది కడమలకాల్వ కాడ. గరుడ నంది, వినాయక నంది చూసుకుని మహానందికి చేరాల. కార్తీకంలో పొద్దుగూకే లోపల తొమ్మిదీ తిరగాలంటే ఏది ముందో, ఏది వెనకో తెలియాల. ఆ బొమ్మ చెప్పేది ఆ వరసే. ఇప్పుడు ఫోన్లో ఆ తొమ్మిదిటికీ నక్షత్రాలు వేసినారు. దేవునికి మార్కులు! పార్కింగ్ బాగాలేదని ఎవరో నందికి ఒక నక్షత్రం కోసినారు.

చిరునామా సంగతీ అంతే. 1972లో పిన్ కోడు వచ్చినప్పుడు, నంద్యాల 518501, ఆళ్లగడ్డ 518543 అని పిల్లలతో వల్లె వేయించినాను. 2025 మేలో తపాలా వాళ్లు డిజిపిన్ అని తెచ్చినారు. దేశాన్నంతా నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చినారు. తయారీలో ఐఐటీ హైదరాబాద్ కూడా ఉందంటే సంతోషమే. కానీ మా ఇంటి లెక్కన వసారాకొకటి, వంటింటికొకటి, పడకింటికొకటి వస్తుంది. ఇంక ఏ గదిలో ఉన్నానో చెబితేనే ఉత్తరం ఇస్తారేమో. అయినా రాసేవాళ్లెవరు.

ఇక 2027 జనాభా లెక్కలు. కాగితం లేదు, పెన్సిలు లేదు, అంతా ఫోన్లోనే. ఎవరి వివరాలు వాళ్లే ఇంట్లో కూర్చొని నింపుకోవచ్చంట కూడా. "నేను నింపేస్తాలే జేజినాయనా, రెండు నిమిషాల పని" అని మనవడు ఇప్పుడే చెప్పినాడు. వద్దన్నాను. నా ఇల్లు లెక్కపెట్టాలంటే ఎవరో ఒక టీచరమ్మ వచ్చి వాకిట్లో కూర్చోవాల, మజ్జిగ తాగాల. మా వీధిలో తాళమేసిన ఇండ్లు కొన్ని ఉన్నాయి. ఏది ఖాళీదో, ఏ ఇంటివాళ్లు బెంగళూరులో ఉండి పండగకు వస్తారో ఆ ఫోనుకు ఎవరు చెబుతారు?