సర్దుకోండి మాస్టారూ!

సాలూరులో పొద్దున్నే పాచిపెంట వ్యాను కదలాలంటే సీట్లు నిండితే చాలదు, సందులూ నిండాలి. మాస్టారి ఒళ్లో ఏఎన్ఎం గారి వ్యాక్సిన్ డబ్బా, సచివాలయం కుర్రాడి భుజమ్మీద కొండ అవ్వ ఖాళీ బుట్ట. "సర్దుకోండి మాస్టారూ" అన్నదే ఇక్కడి సుప్రభాతం.

పరిమితికి మించి ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 194ఏ సెక్షన్ కింద అదనపు తలకు రూ.200 జరిమానా. అందుకేనేమో, మనవాళ్లు తలలు బయట పెట్టి ఒళ్లు మాత్రమే లోపల పెడుతున్నారు!

2022 ఆగస్టులో టీచర్లకు ముఖ హాజరు పెట్టారు. టైముకు ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. ముఖం రెడీయే. దాన్ని మోసుకెళ్లే వ్యానే ఇంకో ప్యాసింజరు కోసం హారన్ కొడుతూ ఆగింది. యాప్ ముక్కూ మొహం గుర్తుపడుతుంది గానీ, ఘాట్ రోడ్డును గుర్తుపట్టదు కదా!

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం. పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు సున్నా. బస్సు ఎక్కలేని కొండ ఊళ్లకు బస్సూ సున్నాయే. ఉచిత బస్సు అందుకోవాలంటే ముందు డబ్బిచ్చి జీపెక్కి కొండ దిగాలి.

ఓవర్‌లోడుపై అధికారులు సమీక్ష పెడితే సంతోషమే. షరతు ఒక్కటే: కారు సాలూరులో వదిలేసి రావాలి. నిలబడ్డానికి ఫుట్‌బోర్డు మీద చోటు మేం ఇప్పిస్తాం!