నిండు నూరేళ్ళు బతకండి, సంతకం ఇక్కడ

ఒహాయోలో ఒక యూనివర్సిటీకి వీలునామాలు పోగుచేసిపెట్టడం నా ఉద్యోగం. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘డైరెక్టర్, ప్లాన్డ్ గివింగ్’ అని దర్జాగా ఉంటుంది. రాజమండ్రిలో ఉన్న మా పిన్నికి ఫోన్లో ఓపిగ్గా చెప్పాను: “పెద్దవాళ్ళు తమ తదనంతరం ఆస్తిలో కొంత కాలేజీకి రాసిస్తారు పిన్నీ. ఆ కాగితాల సంగతి నేను చూస్తాను.”

“అంటే వాళ్ళెప్పుడు పోతారా అని కాచుక్కూచుంటావన్నమాట! ఇంజనీరింగు చదివించింది ఇందుకట్రా?” అంది. ఇంట్లో శుభకార్యాలు జరిగేటప్పుడు ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా హెచ్చరించింది.

పిన్ని అనుమానం అన్యాయమేమీ కాదు గానీ, ఆవిడకు తెలియనిదొకటుంది. మా దాతలు ఒక పట్టాన పోరు. గిఫ్ట్ యాన్యుటీ అని మా దగ్గర ఒక ఏర్పాటుంది. దాత కొంత సొమ్ము ఇస్తారు. వాళ్ళు బతికున్నన్నాళ్ళూ సంస్థ వాళ్ళకు ఏటా ఇంతని చెల్లిస్తుంది. ఆ తర్వాత మిగిలింది సంస్థది. చివరికి ఇచ్చినదాంట్లో సగమైనా సంస్థకు మిగలాలని లెక్కేసి రేట్లు సూచించే సంఘం ఒకటి 1927 నుంచీ ఉంది, అమెరికన్ కౌన్సిల్ ఆన్ గిఫ్ట్ యాన్యుటీస్ అని. 2024 పట్టీలో 70 ఏళ్ళ వారికి 6.3 శాతం, 80కి 8.1, 90 నిండితే 10.1. వయసు చెప్పడానికి మొహమాటపడే ఆడవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. ఈ పట్టీ ముందు పెట్టామంటే ఇంకో రెండేళ్ళు కలిపి మరీ చెబుతారు. డ్రైవింగ్ లైసెన్సు జిరాక్సు అడిగేది అందుకే.

ఓ రైతు గారి భార్య, భర్త పోయి చాలా కాలమైంది, 89 ఏళ్ళు. వంటింటి బల్ల మీద పట్టీ పరుచుకుని, వేలు కిందికి జరుపుకుంటూ పోయి 90 దగ్గర ఆపింది. “వచ్చే ఏడాదికి ఇంకాస్త ఎక్కువొస్తుందిగా? అయితే ఆగుతాను,” అని కాగితం మడిచి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించేసింది. నేనేమనాలి? ఆగొద్దంటే ఆవిడ ఆయుష్షును శంకించినట్టు. ఆగమంటే మా మేనేజరుకు జవాబు చెప్పుకోవాలి. ఆపిల్ పై ఇంకో ముక్క పెట్టమన్నాను. ఆవిడ నిక్షేపంగా ఆగింది. పుట్టినరోజు వెళ్ళిన మర్నాడే ఫోన్ చేసి, “ఆ 10.1 ఇంకా ఉందా, అయిపోయిందా?” అంది.

క్రమం తప్పకుండా డబ్బు రావడం మొదలైతే మనిషికి ఆయుష్షు పెరుగుతుందని ఈ వృత్తిలో అందరికీ గట్టి నమ్మకం. దానమూ ధర్మమూ లేని పచ్చి బేరమే అయినా, ఫ్రాన్సులో జరిగిన కథొకటి మా అందరికీ కంఠతా వచ్చు. 1965లో ఆర్ల్ పట్టణంలో ఝాన్ కాల్మాన్ అనే 90 ఏళ్ళ ఆవిడ తన ఫ్లాటును ఒక నోటరీకి రాసిచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అందులోనే ఉంటుంది, ఆయన నెలకు 2,500 ఫ్రాంకులు ఇచ్చుకోవాలి. అప్పటికి ఆయనకు 47. కట్టీ కట్టీ 1995లో, 77వ ఏట ఆయన పోయాడు. ఆ తర్వాత ఆయన భార్య కట్టింది. కాల్మాన్ మాత్రం 1997లో, 122 ఏళ్ళు నిండాక గాని కాలం చేయలేదు. ఇది విని మా పిన్ని, “బాగా అయింది,” అంది.

ఈ ఉద్యోగానికి పన్నుల చట్టం కొంత రావాలి. అంతకంటే ముఖ్యం చెవులు. చెప్పిన యుద్ధం కథే మళ్ళీ చెబుతుంటే నవ్వాల్సిన చోటే నవ్వాలి. ఒళ్ళోకెక్కిన పిల్లిని దించకూడదు. వాచీ చూసుకున్నామా, ఆస్తి పక్కూరి ఆస్పత్రికి పోయిందన్నమాటే. సేల్సులో చురుకైనవాళ్ళు ఇందులోకి వచ్చి, ఉక్కిరిబిక్కిరై వెళ్ళిపోతుంటారు. ఇవాళ పడిన సంతకం తాలూకు సొమ్ము వచ్చే రోజుకు నేను రిటైరై ఉంటాను. శాలువా నా తర్వాతి వాడికి కప్పుతారు. మేనేజరు ఈ క్వార్టరుకు ఎంత తెచ్చావని అడిగినప్పుడల్లా నాకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తొస్తాడు. 1790లో పోతూ బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు వెయ్యేసి పౌండ్లు రాసి, లెక్క పూర్తిగా తేల్చడానికి రెండు వందల ఏళ్ళ గడువు పెట్టాడు. 1990 దాకా ఆగితే బోస్టన్ వాటా దాదాపు 50 లక్షల డాలర్లయింది. ఆ క్వార్టర్లన్నిటికీ రిపోర్టు ఎవరు రాశారో!

మనవాళ్ళ దగ్గరికొస్తే కథ వేరు. ఇక్కడ ఒక తెలుగు డాక్టరు గారికి అంతా విడమరిచి చెప్పాను. “బాగుందయ్యా. పేరు ఇప్పుడే వేస్తారా, తర్వాతా?” అన్నారు. తప్పేముంది? మన గుళ్ళలో ఫాను రెక్కల మీద దాతల పేర్లుంటాయి, కరెంటు పోతే గాని చదవలేం. మా దాతలదీ అదే పరిస్థితి. వాళ్ళావిడయితే, “దీపం పెట్టే వేళ ఆ మాటలేంటి బాబూ!” అని లోపలికెళ్ళి, మాట మార్చడానికి జంతికలు తెచ్చారు.

అలాగని ఇది మనకు తెలియని విద్యేం కాదు. కోరంగి నుంచి రంగూన్ వెళ్ళి గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారు ఆస్తిని ధర్మానికి రాసిపోయారు. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ బళ్ళలో ఎందరో చదువుకున్నది ఆ కాగితం చలవే. ఆయన దగ్గరికి నాలాంటి డైరెక్టరెవరూ వెళ్ళి జంతికలు తినలేదు.

ఇంతదాకా చదివారు గనక, మీరూ ఒక వీలునామా రాసి పెట్టుకోండి. దీపం పెట్టే వేళ వద్దు, పొద్దున్న కాఫీ తాగాక రాయండి. మన దేశంలో వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మీ సంతకం, మీ ఎదుట ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు.