నేలచూపులు

మా ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే, వాళ్లు చెప్పులు విడిచేలోపే మా ఇంటామె ఒక మాట అందించేస్తుంది. "ఆయన మీ మొగం చూడలేదని ఏమనుకోవద్దండి. మీ కాళ్ల కింద బండను చూస్తాండారు."

వచ్చినవాళ్లు నవ్వి కిందికి చూసుకుంటారు. ఇక నేను ఊరుకోగలనా? "అది బేతంచెర్ల నాపరాయి. పక్కన నల్లగా ఉందే, అది కడప బండ. రెండూ సున్నపురాయే గానీ..." అని అందుకుంటాను. కాఫీ వచ్చేసరికి వాళ్లకు బ్యాంకులో ఏదో పని గుర్తొస్తుంది. ఆదివారమైనా సరే.

నాకు ఆటిజం ఉంది. యాభైకి దగ్గరపడ్డాక తెలిసిన సంగతిది. అప్పటిదాకా మా బంధువుల్లో కొందరి లెక్కలో నేను గర్విష్టిని, కొందరి లెక్కలో మొద్దును. మా అత్తగారు మాత్రం నెమ్మదస్తురాలు, "ఒగ తీరు మనిషిలే" అని సరిపెట్టుకునేది.

తెలిసిన తీరు కూడా చెప్పాలి. మా చిన్నోడికి మాటలు ఆలస్యమైతే బెంగళూరు తీసుకపోయినాము. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతా ఉంది.

"వస్తువులను వరసగా పేరుస్తాడా?"

మా ఇంటామె వానివైపు చూడలేదు, నావైపు చూసింది. "పేరుస్తారు."

"తిన్నదే తింటాడా?"

"పొద్దున ఉగ్గాని తప్ప ఇంగోటి ముట్టరు."

"పెద్ద శబ్దాలకు ఇబ్బంది పడతాడా?"

"మా చెల్లెలి పెండ్లిలో బ్యాండుమేళం మొదలు కాంగానే మాయమైనారు. యాడ చూసినా లేరు. ఆఖరికి స్టోర్ రూములో బియ్యం మూటల మధ్య దొరికినారు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "అమ్మా, ఇప్పుడు మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నాం?"

ఆ తర్వాత నాకూ పరీక్షలు జరిగినాయి. తండ్రీకొడుకులం ఇద్దరమూ పాసైనాము. తిరుగు రైల్లో మా ఇంటామె చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఇన్నాళ్లూ మీరు కావాలనే చేస్తాండారనుకుంటి" అనింది. నా గుండె కరిగింది. ఏదో అనబోయినాను. "సరే, ఇప్పుడైనా ఆ రాళ్లను సోఫా మీంచి తీయండి" అని తనే ముగించింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజమూ ఒకటి. చిన్నోడికి సర్టిఫికెట్ తెచ్చినాము. నాకూ ఒకటి తెచ్చుకుందామా అంటే మా అమ్మాయి, "నీకెందుకు నాయనా, నువ్వు నోరు తెరిస్తే చాలదా?" అనింది. పిల్లలను చదివించేది ఇందుకే.

అసలు నా పెండ్లే నేలచూపుల మీద జరిగింది. పెండ్లిచూపులకు ప్రొద్దుటూరు పోయినాము. పిల్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టినారు. ఎదుటి మనిషి కండ్లలోకి చూడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ చెమటలు. తల దించుకుంటే కింద బ్రహ్మాండమైన బండలు, బూడిద రంగులో సన్నని చారలు. చూస్తా ఉండిపోయినాను. వాళ్ల అవ్వ మురిసిపోయింది: "పిల్లోడు ఎంత మర్యాదస్తుడు, తలకాయే ఎత్తల్యా." నేను మాట్లాడిన ఒకే ఒక్క మాట మామగారితో: "ఇవి ఏ గనివి మామా?" కట్నం ఎంత అడగొచ్చో లెక్కేస్తున్నానని ఆయన హడలిపోయినాడంట. మా ఇంటామె నేటికీ, "నన్ను కాదు, మా ఇంటి బండల్ని చేసుకున్నాడీయన" అంటుంది. పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

రాళ్ల పిచ్చి నాకొక్కడికే అనుకోవద్దు. విలియం కింగ్ అనే దొర ఈ రాళ్ల మీద ఏకంగా పుస్తకం రాసి, కడప, కర్నూలు పేర్లను భూగర్భశాస్త్రంలోకి ఎక్కించినాడు, 1872లో. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో తవ్వుకుంటా కూర్చున్నాడు. వాళ్లు మా ఇంట్లో పుట్టి ఉంటే ఒక్క పేజీ రాసి ఉండేవాళ్లు కాదు. వేంపల్లె పక్క నుంచి నేనొక రాయి తెచ్చుకున్నాను. ఆదిమకాలంలో సముద్రపు నాచు పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. దాదాపు 190 కోట్ల ఏండ్లనాటిది. అన్నేండ్లు చెక్కుచెదరనిది మా ఇంట్లో ఒక శ్రావణ శుక్రవారం కొబ్బరికాయకు చెదిరింది. మంగంపేట ముగ్గురాయి ముక్క ఇంకోటుంది. ముగ్గురాయి బరువు మామూలు రాయి బరువు కాదు, చేతిలో పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. అందుకే అది ఇప్పుడు ఊరగాయ జాడీ మూత మీద ఉంది.

ఇంట్లో నా ఉపన్యాసాలకు మా అమ్మాయి రేటు కట్టింది. రోజుకు పది నిమిషాలు ఉచితం, ఆపైన నిమిషానికి రూపాయి. పోయిన ఉగాదికి దానికొక చుడీదార్ వచ్చింది, పూర్తిగా గండికోట డబ్బుతో. గండికోటంటే నాకు ఆగదు మరి. అక్కడి లోయ అంచున పెండ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు ఉంటారు. గ్రానైటు కొండల్ని పెన్న కోసిందని ఎవరో వాళ్లకు చెబుతుంటారు. గ్రానైటు కాదు, క్వార్ట్‌జైటు! ఇసుక గట్టిపడి అయిన రాయి! ఒకసారి ఒక పిల్లను ఆపి, అంచులో ఇసుక పొరలు చూపిస్తా ఉంటే మా ఇంటామె వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. "ఆ పిల్ల పెండ్లి చేసుకుంటాంది. పరీక్ష రాయడంల్యా."

కడపలో గృహప్రవేశం సంగతి మాత్రం నేను చెప్పకపోయినా మా బావమరిది మీకు చెప్తాడు కాబట్టి, నా నోటితోనే వినండి.

వరుసకు బావమరిది కొత్త ఇల్లు కట్టినాడు. మెట్లన్నీ నల్లగా నిగనిగలాడతా ఉన్నాయి. "అంతా గ్రానైటు బావా" అన్నాడు. నేను కాలి బొటనవేలితో తడిమినాను. అనుమానం. గ్రానైటుకు పులుపు తగిలితే ఏమీ కాదు. సున్నపురాయికి తగిలితే సన్నగా బుడగలొస్తాయి, పాలిష్ కూడా పోతుంది. మర్యాదస్తుడైతే భోంచేసి తాంబూలం తీసుకుని వస్తాడు. నేను విస్తట్లో నిమ్మకాయ ముక్కను గుప్పిట్లో దాచుకుని, మెట్ల కింద చీకటి మూలకు పోయి, గొంతుకూర్చుని, బండ మీద పిండి, మొగం దగ్గరగా పెట్టి చూస్తా ఉన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక బుడగ. "వస్తాంది... వస్తాంది..." అనుకున్నాను. పైకే అనుకున్నానంట.

ఆలోచించండి. కొత్త ఇల్లు. చీకటి మూల. కోసిన నిమ్మకాయ. "వస్తాంది, వస్తాంది" అని గొణిగే మనిషి. అటు వచ్చిన ఒక పెద్దమ్మ పెట్టిన కేకకు పంక్తి మొత్తం ఎంగిలి చేతులతో లేచి వచ్చింది.

నేను సున్నపురాయి గుణగణాలు వివరించబోతుండగా మా ఇంటామె ముందుకొచ్చింది. ఆ మనిషి కలెక్టరు కావాల్సింది. "పెద్దమ్మా, అరవద్దు. ఆయన ఇంటికి దిష్టి తీస్తాండారు. వాళ్ల కర్నూలు పక్క ఆచారం" అనింది. అని ఊరుకోలేదు, నిండు నిమ్మకాయలు, కుంకుమ తెప్పించింది. మూఢనమ్మకాల మీద మా ఆఫీసులో కరపత్రాలు పంచినవాణ్ణి నేను. అందరూ చూస్తుండగా మూడు అంతస్తులకూ దిష్టి తీసినాను. మా బావమరిది పంచె పెట్టి కాళ్లకు మొక్కినాడు. మెట్టు మీద నిమ్మరసం మచ్చ ఇప్పటికీ తెల్లగా ఉందంట. దేవుడి గుర్తని దానికి కుంకుమ పెడుతున్నారు.

ఆ గలాటాలో ఒకే ఒక్క మనిషి నా దగ్గరికి వచ్చి, మొగం చూడకుండా, మచ్చను చూస్తా అడిగినాడు: "బుడగలొచ్చినాయా అన్నా?" బండలు పరిచిన మేస్త్రీ. బేతంచెర్ల మనిషి. "కడప బండేనని నేనప్పుడే చెప్తి. వాళ్లు వినల్యా."

అప్పటి నుంచీ మేము స్నేహితులం. నెలకోసారి ఆయన దగ్గరికి పోతాను. పాలిష్ యూనిట్ల వెనక విరిగిన బండల కుప్పల మీద కూర్చుంటాము. ఏ గనిలో ఏ పొర ఎంత మందం, ఏది వానకు పెట్లుతుంది, ఏది ఉలికి లొంగుతుంది, ఇవే మాటలు. లేకుంటే అవీ లేవు. ఇంటికి రాంగానే మా ఇంటామె విచారణ.

"ఆయనకు పిల్లలెంతమంది?"

"తెలీదు."

"భార్య యా ఊరామె?"

"భార్య ఉందంటావా?"

"అయితే పొద్దుననంగా పోయి ఏం మాట్లాడినారు?"

ఏం చెప్పేది? ఇంత హాయిగా నేనెవరితోనూ మాట్లాడలేదని చెబితే ఇంట్లో అన్నం పుడుతుందా?

నన్ను సమర్థించే వాళ్ల కోసం చదవడం మొదలుపెట్టినాను. దొరికినారు. డామియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక వాదన పెట్టినాడు: ఆటిజం ఉన్నవాళ్లకు మిగతావాళ్లు అర్థం కారన్నది సగమే నిజం, మిగతావాళ్లకు వీళ్లూ అర్థం కారు, లోపం రెండు పక్కలా ఉంది అని. 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం పరీక్షించి చూసింది. ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి, ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించినారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ మామూలు వాళ్ల వరసలో ఉన్నంత బాగానే చివరిదాకా చేరింది. రెండు రకాల వాళ్లనూ కలిపిన వరసలోనే కథ తొందరగా కరిగిపోయింది. ఇదంతా అచ్చు తీయించి, గొంతు సవరించుకుని, మా ఇంటామెకు చదివి వినిపించినాను. ఆమె అలసందలు ఒలుస్తా మొత్తం వినింది.

"అంటే సగం తప్పు మీదేనని వాళ్లూ ఒప్పుకున్నారు గదా" అనింది.

చిన్నోడు నా జట్టు కదా అని మీరనుకోవచ్చు. వానికి రాళ్లంటే చిరాకు. వానికి ఆర్టీసీ బస్సులు. బస్సు పక్కన డిపో పేరు చదివి, అది యాడికి పోయి యాడికి వస్తుందో చెప్పేస్తాడు. మొదట్లో నేను రాయి గురించి చెబితే వాడు బస్సు గురించి చెప్పేవాడు, ఎవరి మాట ఎవరూ వినకుండా ఇద్దరం సంతోషంగా ఉండేవాళ్లం. దారి కనిపెట్టింది మా ఇంటామెనే. సెలవుల్లో మా ఇద్దర్నీ బస్సెక్కించి పంపింది. బస్సులు మారుకుంటా బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు. స్టాపు రాంగానే వాడు ఊరి పేరు, డిపో పేరు చెప్పాలి, నేను ఆ ఊరి కింద ఉన్న రాయి పేరు చెప్పాలి. నాపరాయి. గులకలు అతుక్కున్న రాయి. బెలుం గుహల సున్నపురాయి. జమ్మలమడుగు చేరేసరికి కండక్టరు మా వెనక సీట్లో కూర్చుని వింటా ఉన్నాడు. దిగేటప్పుడు చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. మామూలుగా పట్టుకోడు.

ఇక జొన్నగిరి. ఇది మీకు చెప్పాలనే ఇంతసేపూ కూర్చోబెట్టినాను.

తొలకరి పడిందంటే తుగ్గలి మండలం జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లోకి వజ్రాల కోసం జనం దిగుతారు. మన జిల్లాలవాళ్లే కాదు, గుంటూరు నుంచీ బళ్లారి నుంచీ వస్తారు. వానకు పైమట్టి కొట్టుకపోతే రాళ్లు తేలతాయి, ఎండ పడితే మెరుస్తాయి. దొరికిన రాయిని కొనడానికి వ్యాపారులు కాచుకుని ఉంటారు. "రాండి, మీ రాళ్లల్లో మీరు దొర్లుదురుగానీ" అని ఒక జూన్‌లో మా ఇంటామెనే బయల్దేరదీసింది.

ఏం చెప్పమంటారు! కంటికి ఆనినంత మేర జనం, అందరూ నేలచూపులే. ఒకరి మొగం ఒకరు చూడరు. ఏం ఉద్యోగమని అడగరు, జీతమెంతని అడగరు, కూతురి పెండ్లి ఎప్పుడని అడగరు. పెద్ద గుంపులో నా చొక్కా చెమటకు తడవకపోవడం అదే మొదలు. నా పక్కన ఒకాయన తల పైకెత్తకుండానే అరచెయ్యి చాపినాడు. చూసినాను. "పలుగురాయి." పారేసినాడు. కాసేపటికి మళ్లీ. "పలుగురాయి." మధ్యాహ్నానికి ఆ చేలో పేరుపడిపోయినాను. రాళ్లు పట్టుకుని జనం నా దగ్గరికే వస్తాండారు. వజ్రకరూరు గొట్టాల గురించి, భూమి లోతు నుంచి వజ్రాలు వాటి గుండా పైకి వచ్చిన తీరు గురించి నేను చెబుతుంటే ఒక్కరికీ బ్యాంకు పని గుర్తు రాలేదు. ఎవరో సంగటి ముద్ద పెట్టినారు, ఇంకెవరో బొరుగులు. పక్కాయన, నేను సాయంత్రం దాకా చాలు వెంబడి చాలు నడిచినాము. వజ్రం దొరకలేదు. నాకా ధ్యాసే లేదు.

తిరుగు బస్సులో మా ఇంటామె లెక్క చెప్పింది. చెట్టు కింద కూర్చున్న ఆ కాసేపట్లో ఆమెకు నలుగురు స్నేహితురాళ్లు, గోంగూర నిల్వ పెట్టే కొత్త పద్ధతి, మా అమ్మాయికి ఒక సంబంధం దొరికినాయి. "ఇంతకూ మీ పక్కన దినమంతా నడిచిన ఆయనెవరో తెలుసునా?"

"పలుగురాళ్లాయన."

"మీ ఆఫీసే. మీ వెనక సీటంట. ఆయన భార్య చెప్పింది."

నేను వెనక్కి తిరిగి చూసేది తక్కువ, నిజమే. మరి ఆయనైనా నన్ను గుర్తుపట్టొద్దూ? సోమవారం ఆఫీసుకు పోయి వెనక్కి తిరిగితే నిజంగానే ఆయన. నా మొగం చూడలేదు. సొరుగు లాగి, కాగితంలో చుట్టిన రాయొకటి టేబుల్ మీద పెట్టినాడు.

"పలుగురాయి" అన్నాను.

జూన్‌లో వాన పడినాక మీరూ జొన్నగిరి వైపు వస్తే పలకరించాలని మొహమాటపడొద్దు, పక్కన వచ్చి వంగండి చాలు. రాయి దొరికితే చూపించండి, చెప్తాను. ఒక్కటే మనవి. విత్తనం పడిన చేలోకి మాత్రం దిగొద్దు. రైతులు తిడతారు, తిట్టాల్సిందే.